లేజర్ మెషిన్ చవగ్గా చేసుకుందాం, కళ్ల దగ్గర మాత్రం పొదుపు వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ జిల్లా పేజీలో ఇంజనీరింగ్ కుర్రాళ్లు సొంతంగా లేజర్ మెషిన్ చేసి చెక్క మీద బొమ్మలు కాలుస్తున్నారని వార్త వేశారు. చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మన విశాఖలో ఇలాంటి పనులు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ పేపర్లో పడేది తక్కువ. కానీ ఆ ఫొటో చూశాక మనసు కుదుటపడలేదు. నీలం వెలుగు చెక్క మీద పడుతుంటే నలుగురు పిల్లలు దాని మీదకి వంగి చూస్తున్నారు, ఒక్కరి కళ్లకీ అద్దాల్లేవు, మెషిన్ చుట్టూ డబ్బా లేదు, పక్కన మెరిసే స్టీల్ స్కేలు కూడా ఉంది. ఆ ఫొటో చూసి రేపు ఇంకో పదిమంది అలాగే చేస్తారు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి, సగం సగం చెబితే నష్టమే ఎక్కువ ఈ విషయంలో.

నేను గాజువాక ఆటోనగర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఎలక్ట్రికల్ పని చేస్తాను. మా అక్క కొడుకు డిప్లొమా చదువుతున్నాడు, వాడు "మావయ్యా, రెడీమేడ్ మెషిన్ కొనాలంటే మన వల్ల కాదు గానీ విడిగా సామాన్లు తెచ్చుకుంటే సగానికి అయిపోద్ది" అని వెంటపడితే ఇద్దరం కలిసి ఒకటి చేశాం. ఇప్పుడు దాని మీద ఇంటి నేమ్ ప్లేట్లు, దేవుడి బొమ్మలు, పెళ్లికి ఇచ్చే చెక్క పెట్టెల మీద పేర్లు కాలుస్తున్నాం, చుట్టుపక్కల వాళ్లు అడిగి చేయించుకుంటున్నారు. కాబట్టి వినికిడి మాటలు కాదు, చేసి చూసినవే రాస్తున్నాను.

ముందు ఇదేమంత పెద్ద విద్య కాదని చెప్పాలి, భయపడి ఆగిపోకూడదు ఎవరూ. నెమా 17 సైజు స్టెప్పర్ మోటర్లు (కొలిచినట్టు అడుగు అడుగుగా తిరిగేవి) రెండో మూడో, వాటిని తిప్పే ఏ4988 డ్రైవర్లు, మెషిన్‌ని నడిపే బుల్లి కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో యూనో ఒకటి, దాని మీద గుచ్చుకుని డ్రైవర్లని పట్టుకునే సీఎన్‌సీ షీల్డ్ బోర్డు, కరెంటు ఇచ్చే 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ సప్లై, పళ్ల బెల్టు, పుల్లీలు, బేరింగులు, నున్నటి రాడ్లు, చివరికి నీలం లేజర్ మాడ్యూల్, అంతే. వీటిలో అన్నిటికన్నా ఖరీదైంది లేజర్ మాడ్యూలే. రాడ్లయితే కొత్తవి కొనక్కర్లేదు, పాడైపోయిన పాత ప్రింటర్ విప్పితే లోపల హెడ్డు నడిచే రాడ్డు ఉంటుంది, అద్దంలా పాలిష్ చేసి ఉంటుంది. డాబాగార్డెన్స్ వైపు కంప్యూటర్ రిపేర్ షాపుల్లో అడిగితే మూలన పడేసినవి తక్కువకే ఇచ్చేస్తారు. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిపోయిన సెక్షన్ ముక్కలు కేజీ లెక్కన దొరుకుతాయి, ఫ్రేముకి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి. అన్నీ కలిపి మాకు పది పన్నెండు వేల మధ్యలో పడింది, డబ్బా, కళ్లద్దాలు వేరే.

లేజర్ కొనేటప్పుడు జనం ఎక్కువగా మోసపోయేది వాట్ల దగ్గర. ఆన్‌లైన్లో 20 వాట్లు, 40 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, చాలాసార్లు అది మాడ్యూల్ తాగే కరెంటు లెక్క, బయటికొచ్చే వెలుగు లెక్క కాదు. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆప్టికల్ పవర్ 5 వాట్లో 5.5 వాట్లో అని రాసుంటుంది, మనకి కావలసింది ఆ అంకె. ఈ నీలం లేజర్ రంగు 450 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఒక్క డయోడ్ నుంచి వచ్చేది ఇంచుమించు ఐదారు వాట్లు, అంతకంటే ఎక్కువ కావాలంటే రెండు డయోడ్ల వెలుగుని ఒకే చోటికి కలుపుతారు, రేటు కూడా అలాగే పెరుగుద్ది. చెక్క మీద బొమ్మ కాల్చడానికి ఐదు వాట్లు ధారాళంగా చాలు. షాపుల్లో యాక్రిలిక్ కోసే పెద్ద మెషిన్లలో ఉండేది వేరే జాతి, కార్బన్ డయాక్సైడ్ గొట్టం, దాన్ని కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన సి.కె.ఎన్. పటేల్ గారు, 1964లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తుండగా. ఆ గొట్టానికి వేల వోల్టుల కరెంటు కావాలి, నీళ్లతో చల్లబరచాలి, ఇంట్లో చేసుకునేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దని నా మాట.

ఫ్రేము బిగించేటప్పుడు మాకు బాగా పనికొచ్చిన మాట షిప్‌యార్డులో టర్నర్‌గా రిటైరైన ఒక పెద్దాయన చెప్పాడు. "రాడ్లు రెండూ ఒకదానికొకటి సమానంగా లేకపోతే మీ కంప్యూటర్ ఏటి చేసినా దండగే బాబూ" అన్నాడు, అని వెర్నియర్ తీసి రెండు కొసల దగ్గరా దూరం కొలిచి చూపించాడు. నిజమే, క్యారేజీని, అంటే లేజర్ బిగించి రాడ్ల మీద జారే బండిని, వేలితో తోస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో జారాలి, మధ్యలో ఎక్కడ బిగుసుకున్నా మోటర్ స్టెప్పులు తప్పుతుంది, బొమ్మ సగంలో పక్కకి జరిగిపోద్ది. లెక్క మాత్రం సులువు. మోటర్ ఒక చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేస్తుంది కాబట్టి 3200, బెల్టు పళ్ల మధ్య దూరం 2 ఎంఎం, పుల్లీకి 20 పళ్లు కాబట్టి చుట్టుకి 40 ఎంఎం కదులుద్ది, 3200ని 40తో భాగిస్తే ఎంఎంకి 80 స్టెప్పులు, ఆ అంకె సెట్టింగ్‌లో వేస్తే చాలు.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట. ఇంగ్లీష్ పెద్దక్షరాలు చాలావరకు తిన్నటి గీతలే కాబట్టి బెల్టు కాస్త వదులుగా ఉన్నా తప్పు కనపడదు, తెలుగు అక్షరాలు వేయించి చూడండి, మెషిన్ బండారం మొత్తం బయటపడిపోద్ది. సున్నా మొదలైన చోటికి వచ్చి కలవదు, 'ల' తోక దగ్గర మెట్లు మెట్లుగా వస్తుంది, ఒత్తుల్లో ఉండే చిన్న చిన్న గుండ్రాలు పూడుకుపోయి నల్ల చుక్కలైపోతాయి. 'లక్ష్మి' అని రాయిస్తే ఆ క్ష కింద ఒత్తు విడిగా కనపడిందా లేదా చూస్తాను నేను, అది కనపడితే మెషిన్ బాగున్నట్టే. ఫాంట్ల విషయంలో మనకి లోటు లేదు, గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర, ఎన్టీఆర్ పేర్లతో ఉచితంగా దొరికే ఫాంట్లున్నాయి. వీళ్లలో గిడుగు, గురజాడ మన ఉత్తరాంధ్ర వాళ్లే కదా, వాళ్ల పేర్లు పెట్టిన ఫాంట్లతో మన ఊళ్లో ఇంటి పేర్లు కాలుస్తుంటే నాకు భలే తృప్తిగా ఉంటుంది. మరీ సన్నగా ఉన్నవి తీసుకోకండి, కాస్త లావు గీత ఉన్నవే చెక్క మీద నిలుస్తాయి. ఇంక్‌స్కేప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో తెలుగు టైప్ చేసి పాత్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చేసుకుంటే తర్వాత ఏ కంప్యూటర్లో తెరిచినా అక్షరం చెదరదు.

ఆర్డుయినోలో ఎక్కించేది మోటర్లనీ లేజర్‌నీ నడిపించే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్, అదీ ఉచితమే, ప్రపంచమంతా ఇళ్లల్లో మెషిన్లు చేసుకునేవాళ్లు వాడేది. కంప్యూటర్ నుంచి బొమ్మ పంపడానికి లేజర్‌జీఆర్‌బీఎల్ చాలు, పైసా ఖర్చు లేదు. ఇక్కడ కొత్తవాళ్లందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది, మూడో వర్షన్ సీఎన్‌సీ షీల్డ్ మీద అచ్చువేసిన పేర్లు పాత జీఆర్‌బీఎల్ కాలం నాటివి. ఇప్పటి 1.1 వర్షన్లో లేజర్ పవర్ తగ్గించి పెంచే సిగ్నల్ వచ్చేది 11వ నంబర్ పిన్ను నుంచి, షీల్డ్ మీద ఆ పిన్ను దగ్గర జెడ్ ఎండ్‌స్టాప్ అని రాసుంటుంది. స్పిండిల్ అని రాసిన చోట వైరు పెట్టుకుని లేజర్ పవర్ మారట్లేదు, మాడ్యూల్ పాడైపోయిందని వెనక్కి పంపేసేవాళ్లు ఎంతమందో. ఇంకోటి, జీఆర్‌బీఎల్‌లో 32వ నంబర్ సెట్టింగ్ 1 చేస్తే లేజర్ మోడ్ వస్తుంది, దాంతో పాటు లేజర్‌ని ఎం4 కమాండ్‌తో వెలిగిస్తే మలుపుల దగ్గర మెషిన్ నెమ్మదించినప్పుడు వెలుగు కూడా దానికి తగ్గట్టు తగ్గుద్ది. మన అక్షరాల నిండా మలుపులే కదా, అది పెట్టకపోతే ప్రతి మలుపు దగ్గరా మాడిపోయి నల్లగా ముద్దలు కడుతుంది.

కరెంటు పోవడం రావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే విదేశీ వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆర్డుయినో మళ్లీ మొదట్నుంచి లేస్తుంది, ఆ లేచే క్షణంలో సిగ్నల్ పిన్ను ఎటూ కాకుండా గాల్లో ఉంటుంది, కొన్ని మాడ్యూళ్లు దాన్నే ఆన్ అనుకుని లేజర్ వెలిగించేస్తాయి. మన చెయ్యో మొహమో అక్కడుంటే అంతే సంగతులు. సిగ్నల్ వైరుకీ గ్రౌండుకీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే ఈ బెడద ఉండదు, రూపాయో రెండ్రూపాయలో దాని ఖరీదు. కరెంటు పోగానే లేజర్ స్విచ్ ఆపేయడం కూడా అలవాటు చేసుకోవాలి. మోటర్ వైర్లు కరెంటు ఉండగా ఊడదీయకూడదు, డ్రైవర్ అక్కడికక్కడే పోద్ది.

చెక్క గురించి ఎంత రాసినా తక్కువే. మన పోర్టుకి సామాన్లతో వచ్చే ప్యాలెట్లు, పెట్టెలు విరిచి అమ్మే పైన్ చెక్క తెల్లగా ఉంటుంది, చవక, అందుకే అందరూ ముందు దాని మీదే పడతారు. కొనే ముందు దాని మీద కాల్చి వేసిన ముద్ర చూడండి, గోధుమ కంకి బొమ్మ ఒకటి, పక్కన దేశం కోడ్, దాంతో పాటు హెచ్‌టీ అనో ఎంబీ అనో ఇంగ్లీష్ అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అంటే పురుగు చావడానికి వేడి చేసిన చెక్క, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన చెక్క. హెచ్‌టీ ఉన్నదే తీసుకోండి, ఎంబీ ఉన్నదీ, అసలు ముద్రే లేనిదీ, నూనెలూ రసాయనాలూ ఒలికిన మరకలున్నదీ కాల్చే పనికి వద్దు. పైన్‌లో ఇంకో చిక్కు, లేత గీత మెత్తగా ఉండి లోతుగా కాలుద్ది, పక్కనే ముదురు గీత గట్టిగా ఉండి సరిగ్గా కాలదు, దాంతో నున్నగా రావాల్సిన మొహం మీద చారలు పడతాయి. దేవుడి బొమ్మలకి, మనుషుల మొహాలకి పైన్ పెట్టకండి, అక్షరాలకైతే ఫర్వాలేదు. సామిల్లులో మామిడి చెక్క ముక్కలు అడిగి తీసుకుని నీడలో బాగా ఆరబెట్టి వాడుకుంటే పైన్ కంటే చాలా నయం. టేకు ముదురు రంగు కదా, కాల్చిన గీతకీ చెక్కకీ తేడా తక్కువ, అక్షరం లావుగా ఉంటేనే ఎత్తి కనపడుద్ది. ప్లైవుడ్, ఎండీఎఫ్ కాల్చొచ్చు గానీ వాటి బంకలోంచి ఫార్మాల్డిహైడ్ లాంటివి పొగలో వస్తాయి, గాలి బయటికి లాగే ఫ్యాను లేకుండా ముట్టుకోవద్దు.

చెక్కని ముందు 120 నంబర్ ఎమ్రీ పేపర్‌తో, తర్వాత 220తో రుద్దాలి, దుమ్ము పూర్తిగా తుడవాలి, పైన మాస్కింగ్ టేప్ అంటించి టేప్ మీదుగానే కాలిస్తే అక్షరం చుట్టూ పొగ మరక పట్టదు, టేప్ పీకేస్తే అంచు తీర్చినట్టు వస్తుంది. ప్రతి కొత్త చెక్కకీ ముందు ఒక ముక్క మీద చిన్న చిన్న గడులు కాల్చి చూడాలి, ఒక వరుసలో స్పీడు మారుస్తూ, ఇంకో వరుసలో పవర్ మారుస్తూ. నిమిషానికి వెయ్యి ఎంఎం చుట్టుపక్కల మొదలుపెట్టి రంగు చూసుకుంటూ పోతే ఆ చెక్క స్వభావం తెలిసిపోద్ది, వెనకాల పెన్సిల్‌తో చెక్క పేరు రాసి ఆ ముక్కలు దాచుకోవాలి. ఫోకస్‌కి కూడా సులువైన పద్ధతుంది, చెక్కని ఒక పక్క ఎత్తు పెట్టి వాలుగా ఉంచి ఒకటే తిన్నటి గీత కాల్చితే రెండు కొసలూ లావుగా వచ్చి మధ్యలో ఒక చోట వెంట్రుక మందాన వస్తుంది, లేజర్‌కీ చెక్కకీ ఉండాల్సిన దూరం అక్కడుంది. ఆ దూరానికి సరిగ్గా ఒక చెక్క ముక్క కోసి పెట్టుకుంటే ప్రతిసారీ స్కేలుతో పన్లేదు.

మన సముద్రపు గాలి ఈ మెషిన్లకి పెద్ద శత్రువు. రాడ్ల మీద మెషిన్ ఆయిల్ గుడ్డతో తుడవకుండా వదిలేస్తే ఎర్రగా తుప్పు మచ్చలు లేస్తాయి, బేరింగులు కరకరమంటాయి. వానాకాలంలో పలక వంకర తిరిగితే ఫోకస్ ఒక పక్క పోద్ది, నాలుగు మూలలా బిగించి కాల్చాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. క్లాసుల్లో మాస్టార్లు తెర మీద చూపించడానికి వాడే ఎర్ర పాయింటర్ 5 మిల్లీవాట్ల లోపు ఉంటుంది, దాన్నే కళ్లల్లోకి కొట్టకూడదని చెప్తాం. ఈ లేజర్ 5 వాట్లు, అంటే వెయ్యి రెట్లు. అర వాటు దాటిన లేజర్లన్నీ నాలుగో క్లాసు, అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చినట్టే మన కంట్లో ఉన్న లెన్స్ ఆ వెలుగుని వెనకున్న రెటీనా మీద చుక్కగా కూడదీస్తుంది, అక్కడ కాలిపోయింది మళ్లీ రాదు. రెప్ప వేయడానికి పావు సెకను పడుతుంది, ఈ వెలుగు అంతసేపు ఆగదు. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి చాలామందికి కాలిన సంగతి కూడా వెంటనే తెలియదు, తర్వాతెప్పుడో చూపు మధ్యలో మచ్చ కనపడుద్ది. నేరుగా పడక్కర్లేదు, స్టీల్ స్కేలు మీద, చేతి ఉంగరం మీద, గాజుల మీద, ఫోన్ అద్దం మీద పడి ఎగిరిన వెలుగు కూడా చాలు. దగ్గరగా వంగి చూస్తే చెక్క మీద చెదిరిన చుక్క కూడా మంచిది కాదు. ఫొటో తీసే కెమెరా సెన్సర్ కూడా దీనికి పాడవ్వొచ్చు, అందుకని మీ ఫొటోగ్రాఫర్లకి నా మనవి, ఇలాంటి మెషిన్ ఫొటో తీయాల్సొస్తే లేజర్ ఆపి తీయండి, కాల్చిన చెక్కని చేత్తో పట్టుకుని నిలబడమనండి పిల్లల్ని, అందంగానే ఉంటుంది.

మా ఆటోనగర్లో వెల్డింగ్ వాళ్లు ఎక్కువ కాబట్టి "వెల్డింగ్ అద్దం పెట్టుకుంటే పోలా" అని అడుగుతారు. ఆ అద్దం ఆర్క్ వెలుగు కోసం చేసింది, లేజర్‌కి పరీక్ష చేసింది కాదు, పైగా దాంట్లోంచి పనేమీ కనపడదు కాబట్టి ప్రతి నిమిషం పైకెత్తి చూస్తారు, ఆ ఎత్తిన నిమిషమే ప్రమాదం. చలవ కళ్లద్దాలు అసలు పనికిరావు. 450 నానోమీటర్లకి ఓడీ 4 గానీ, 5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ అని అద్దం మీదే రాసున్నవి, పక్కల నుంచి కూడా మూసుకుని ఉన్నవి కొనాలి. ఓడీ 4 అంటే పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే లోపలికి వస్తుంది, 5 అంటే లక్షలో ఒక వంతు. నారింజ రంగులో ఉంటాయి ఇవి. మాడ్యూల్‌తో పాటు ఊరికే వచ్చే ప్లాస్టిక్ అద్దాల మీద ఏ అంకే రాసుండదు, వాటిని నమ్మి కళ్లు అప్పగించొద్దు. గదిలో ఇద్దరుంటే రెండు జతలుండాలి, మూడోవాడు వస్తే మెషిన్ ఆపాలి, మా ఇంట్లో ఇదే పద్ధతి, మా అక్క వచ్చినా సరే.

అద్దాలకంటే కూడా ముఖ్యం డబ్బా. మెషిన్‌ని పూర్తిగా మూసేసే డబ్బా ఉంటే తలుపు వేసి ఉన్నంతసేపూ వెలుగు బయటికే రాదు, పిల్లలున్న ఇంట్లో దీనికి మించిన రక్షణ లేదు. మేము షెడ్డులో మిగిలిన జీఐ షీటు (జింకు పూత ఉన్న ఇనుప రేకు) ముక్కలతో చేశాం, షీటు అంటుకోదు కదా, లోపల మెరవకుండా నల్ల మ్యాట్ పెయింటు వేశాం. తలుపుకి ఒక లిమిట్ స్విచ్ పెట్టాం, తలుపు తెరిస్తే లేజర్‌కి వెళ్లే 12 వోల్టుల వైరే తెగిపోద్ది. కంప్యూటర్ చెబితే ఆగడం కాదండీ, కరెంటే తెగాలి. కిటికీ పెట్టలేదు, లోపల ఒక చవక వెబ్ కెమెరా పెట్టి బయట తెర మీద చూసుకుంటాం. పొగ లాగే ఫ్యాను గొట్టాన్ని వంపు తిప్పి బిగించాలి, లేకపోతే ఆ కన్నంలోంచి వెలుగు బయటికి వస్తుంది. కుర్రాళ్లు డబ్బులన్నీ ఎక్కువ వాట్ల మాడ్యూల్ మీద పెట్టేసి డబ్బా తర్వాత చూద్దాంలే అంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. తక్కువ వాట్ల మాడ్యూల్ కొనుక్కుని మిగిలిన డబ్బుతో ముందు డబ్బా చేయండి, బొమ్మ కాలడానికి ఇంకో పావుగంట పట్టినా కొంపేం మునగదు.

మెషిన్ వదిలేసి టీ తాగడానికి వెళ్లకూడదు, బెల్టు తెగో మోటర్ ఆగో లేజర్ ఒకే చోట నిలబడిపోతే చెక్క అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్ల సీసా ఒకటి, కుదిరితే చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన ఉండాలి, మంట కనపడితే ముందు మెయిన్ స్విచ్ ఆపాకే నీళ్లు. ఇంకా ముఖ్యమైంది, ప్లాస్టిక్ సంగతి. రెగ్జిన్ పర్సు తెచ్చి దీని మీద మా అబ్బాయి పేరు వేయండి అంటారు, షాపుల బోర్డులకి వాడే ఫోమ్ షీటు తెస్తారు, ఈ రెండూ ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. పీవీసీని కాలిస్తే క్లోరిన్ ఉన్న పొగ వస్తుంది, గాల్లో తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుద్ది, ఊపిరితిత్తులకి దెబ్బ, మెషిన్ రాడ్లకి దెబ్బ. ఎంత డబ్బిస్తానన్నా చేయనని చెప్పేయాలి. గాజులా అవతలి వైపు కనపడే యాక్రిలిక్ తెస్తే నీలం వెలుగు దాంట్లోంచి అలా వెళ్లిపోద్ది, కాలనే కాలదు.

హైస్కూలు పిల్లలు నేర్చుకోవాలంటే లేజర్‌తో మొదలుపెట్టక్కర్లేదు. పాడైన డీవీడీ డ్రైవులు రెండు తీసుకుంటే ఒక్కోదాంట్లో బుల్లి స్టెప్పర్ మోటర్, దానికి మరచుట్టు రాడ్డు ఉంటాయి, రెండిటినీ ఒకదానికొకటి అడ్డంగా పెడితే ఇంచుమించు నాలుగు సెంటీమీటర్ల చదరంలో కదిలే బుల్లి మెషిన్ తయారు. డీవీడీ రైటర్లో ఎర్ర లేజర్ డయోడ్ ఉంటుంది, దాన్ని పీకి కాల్చేవాళ్లున్నారు గానీ పిల్లలకి నేను ఒప్పుకోను, అదీ కళ్లు పోగొట్టే వెలుగే. దాని బదులు స్కెచ్ పెన్ను కట్టండి. అదే ఆర్డుయినో, అదే జీఆర్‌బీఎల్, అదే తరహా లెక్కలు, స్టెప్పులు తప్పితే కాగితం మీద కనపడుద్ది, ఒక కాగితం పోయింది అంతే. పెన్నుతో తన పేరు తెలుగులో సరిగ్గా రాయించగలిగిన పిల్లాడికి తర్వాత లేజర్ నేర్పడం ఒక పూట పని.

కొంతమంది పెద్దలు ఇలాంటి మెషిన్లు వస్తే చేతి పనివాళ్ల పొట్ట కొడతాయని అంటుంటారు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్క పట్టించి చేసేది, ఆ గుండ్రం, ఆ నునుపు ఈ మెషిన్ జన్మలో చేయలేదు, దానికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సొంత వస్తువని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. ఇది పలక మీద గీత కాల్చే మెషిన్ మాత్రమే. వడ్రంగి చేసిన పెట్టె మీద పేరు కాలిస్తే ఆ పెట్టెకి రేటు పెరుగుద్ది, మా వీధి చివర వడ్రంగి ఇప్పుడు పీటలు చేసి మా దగ్గరికే పంపుతున్నాడు, లక్ష్మీదేవి పాదాలు కాల్చి ఇస్తే పండగల ముందు బాగానే పోతున్నాయి.

ఇంతా రాసింది ఎందుకంటే, ఈ కుర్రాళ్లు ఇళ్లల్లో, డాబాల మీద, ఫ్యాను కూడా లేని గదుల్లో చేసుకుంటున్నారు, వాళ్లకి చేసే చోటు లేక. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద స్కూళ్లలో టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు సొంతంగా పరికరాలు చేసి నేర్చుకునే గదులు, పెట్టారు, ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా ఇచ్చే పథకం అది. అలాంటి ల్యాబులున్న స్కూళ్లు మన జిల్లాలో సాయంత్రం బడి అయ్యాక వారానికి రెండ్రోజులు బయటి పిల్లలకి కూడా తలుపు తీస్తే ఎంత బాగుంటుంది. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట ఒక గది ఇచ్చి, అందులో తాళం వేసే డబ్బా ఉన్న మెషిన్ ఒకటి, సరైన అద్దాలు నాలుగు జతలు, పొగ లాగే ఫ్యాను పెడితే చాలు, మొత్తం కలిపినా ఒక కొత్త బైకు ఖరీదు కూడా అవ్వదు. నేర్పే మనుషులకి విశాఖలో కరువా, షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో చేసి రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు వీధికొకరున్నారు, పిలిస్తే సంతోషంగా వస్తారు, మాకు వెర్నియర్ పట్టుకుని చూపించిన ఆ పెద్దాయనే నేను ముందుంటానన్నాడు. ఆదివారాలు నేనూ వస్తాను, వైరింగు, తలుపు స్విచ్చు నేర్పే పని నాది. విద్యాశాఖ వాళ్లూ, ఐటీఐ పెద్దలూ ఈ ఉత్తరం చూస్తే ఒక గది సంగతి ఆలోచించమని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం